సినిమా చూడటం ఒక్కటే తక్కువ

2025 మార్చి 26న సూపర్ హీరో సినిమాలు తీసే మార్వెల్ వాళ్లు, ‘అవెంజర్స్: డూమ్స్‌డే’లో ఎవరెవరు నటిస్తారో చెప్పడానికి యూట్యూబ్ లైవ్‌లో కుర్చీలు చూపించారు. షూటింగుల్లో డైరెక్టర్లు కూర్చునే నల్లగుడ్డ కుర్చీలు. వీపున ఒక్కో నటుడి పేరు. కెమెరా ఒక కుర్చీ దగ్గర సుమారు పన్నెండు నిమిషాలు నిలబడేది, తర్వాత నెమ్మదిగా పక్క కుర్చీకి జరిగేది. అలా 27 కుర్చీలు, ఐదున్నర గంటలు. మనకి రాత్రి భోజనాల వేళ మొదలైన ఈ వైభవం అర్ధరాత్రి దాటాక గానీ ముగియలేదు. చివర్లో, ఐరన్ మ్యాన్ వేషంతో పేరుపడ్డ రాబర్ట్ డౌనీ జూనియర్ ఒక్కడే ప్రాణమున్న మనిషిగా వచ్చి కూర్చున్నాడు. తక్కిన 26 మంది తరఫునా వాళ్ల కుర్చీలే వేంచేశాయి.

దీన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. శివరాత్రికి జాగారం చేసేవాళ్లని చూసి మాత్రం వీళ్లెవరూ నవ్వరు. మన దగ్గర కుర్చీ అంటే ఈమధ్య మడతపెట్టడమే గుర్తొస్తోంది గానీ, విప్పి వరసగా నిలబెడితే లక్షల మంది కన్నార్పకుండా చూస్తారని కనిపెట్టినవాళ్లకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. టికెట్ లేదు, కథ లేదు, కనీసం ఫైటు లేదు. అయినా మధ్యలో లేచినవాడు పాపి.

సూపర్ హీరో సినిమా అంటే రెండున్నర గంటల కాలక్షేపం అనుకోవడం బయటివాళ్ల అమాయకత్వం. మొత్తం పెళ్లిలో మూడు ముళ్లు వేయడానికి ఎంతసేపు పడుతుందో, అభిమాని బతుకులో సినిమా అంతసేపు. పత్రికలూ రివ్యూలూ ఆ మూడు ముళ్ల గురించే రాస్తాయి. నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా జరిగే చాకిరీని పట్టించుకున్న నాథుడు లేడు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చడానికే.

చాకిరీ ట్రైలర్‌తో మొదలవుతుంది. మామూలు మనిషి ట్రైలర్ చూస్తాడు, అభిమాని దానికి పోస్టుమార్టం చేస్తాడు. మొదటిసారి మామూలుగానే చూడాలి, ఒంటి మీద రోమాలు లేవడానికి. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకోవాలి, పాత సినిమా బాణీ ఎక్కడైనా ఒక ముక్క దూరిందేమో పట్టుకోవడానికి. మూడోసారి నుంచి ఫోన్ పనికిరాదు, కంప్యూటర్ కావాలి. వీడియో ఆపి కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్క ఫ్రేమ్ ముందుకి, కామా నొక్కితే ఒక్క ఫ్రేమ్ వెనక్కి. సెకనుకి 24 ఫ్రేములు. రెండు నిమిషాల ఇరవై సెకన్ల ట్రైలర్‌లో 3,360. ఫ్రేముకి ఐదే సెకన్లు కేటాయించినా నాలుగు గంటల నలభై నిమిషాలు, అదీ మధ్యలో టీకి లేవకపోతే. వెతకాల్సింది అద్దాల్లో, కారు కిటికీల్లో, వెనక గోడకి అంటించిన పేపర్ కటింగుల్లో, నంబర్ ప్లేట్ల మీద. హీరో మొహంలో వెతికి లాభం లేదు, అక్కడ దిగులు తప్ప మరేమీ దొరకదు. ఇంకో మాట, క్వాలిటీ 1080కి తగ్గకూడదు. మొబైల్ డేటా పొదుపు చేసి 360లో చూసి, పొగలో వుల్వరిన్ కనపడ్డాడని ఊరంతా చాటింపు వేసేవాళ్ల వల్లే ఈ శాస్త్రానికి చెడ్డపేరు.

ఇంత కష్టపడినా స్టూడియో మోసం చేస్తుంది, తెలిసే చేస్తుంది. 2018 సినిమా ‘ఇన్ఫినిటీ వార్’ ట్రైలర్‌లో అందరితోపాటు హల్క్ కూడా వకాండా మైదానంలో పరుగెత్తుకొస్తాడు. సినిమాలో ఆ షాటే లేదు. అంతకుముందు ఏడాది ‘థోర్: రాగ్నరాక్’ ట్రైలర్‌లో థోర్‌కి రెండు కళ్లూ ఉన్నాయి, సినిమాలో అదే ఘట్టానికొచ్చేసరికి ఒకటి పోయింది. కన్ను పోయిందన్న సంగతి దాచడానికి కంప్యూటర్‌తో కన్ను పెట్టారు. ఈ శ్రద్ధ మన కంటి ఆస్పత్రుల్లో ఉంటే బాగుండును.

అయితే ఈ విద్యలో అభిమానులు సాధించిన మహా విజయం 2021 నవంబర్‌లో వచ్చింది. ‘స్పైడర్ మ్యాన్: నో వే హోమ్’లో పాత స్పైడర్ మ్యాన్లు కూడా ఉన్నారని పుకారు. లేరని స్టూడియో బుకాయింపు. ఆ పాతవాళ్లలో ఒకడైన ఆండ్రూ గార్ఫీల్డ్ అయితే కనపడిన ప్రతి విలేకరికీ తను లేనని చెప్పి చెప్పి అలిసిపోయాడు. ట్రైలర్ చివర్లో ఒక షాట్: ముగ్గురు విలన్లు గాల్లో ఎగిరి మీదకి దూకుతుంటారు, ఎదురుగా ఒక్కడే స్పైడర్ మ్యాన్. బ్రెజిల్‌లో వదిలిన ట్రైలర్‌లో ఈ షాట్ ఒక్క లిప్తపాటు ఎక్కువుంది. ఆ లిప్తలో బల్లి రూపంలో ఉన్న విలన్ తల ఎవరూ కొట్టకుండానే ఠక్కున పక్కకి తిరిగింది. కొట్టినవాణ్ని బొమ్మలోంచి తుడిచేశారు గానీ దెబ్బ తిన్నవాడి మెడ సంగతి మర్చిపోయారు. కామా, ఫుల్‌స్టాప్, కామా, ఫుల్‌స్టాప్. ప్రపంచం మొత్తం ఆ మెడ మీద కూర్చుంది. నెల తర్వాత సినిమా వచ్చి అభిమానులు చెప్పిందే నిజమని తేల్చింది.

ఆ ఒక్క గెలుపు ముందు పాత ఓటములేవీ లెక్కలోకి రాలేదు. అదే ఏడాది మొదట్లో ‘వాండావిజన్’ సిరీస్‌లో ప్రతి వారమూ మెఫిస్టో అనే దయ్యాల దొర వచ్చేస్తున్నాడని జోస్యం చెప్పారు. కిటికీ పరదా కదిలితే మెఫిస్టో, గోడ మీద ఈగ వాలితే మెఫిస్టో. సిరీస్ అయిపోయింది, ఆయన రాలేదు. వచ్చింది 2025లో, ‘ఐరన్‌హార్ట్’ అనే మరో సిరీస్‌లో. నాలుగేళ్లు ఆలస్యమైనా వచ్చాడు కదా, మన మాట నెగ్గినట్టే అని ఇప్పుడు వాదన. వానలు పడతాయని పంచాంగంలో రాసినట్టే ఇదీ, ఎప్పుడని అడగకూడదు.

తర్వాత హోంవర్క్. 2025 జూలైలో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వచ్చేసరికి మార్వెల్ సినిమాలు 37. సిరీస్‌లు వేరే. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ విడుదలప్పుడు అమెరికాలో ఒక థియేటర్ల సంస్థ అప్పటికున్న 22 సినిమాలూ వరసగా వేస్తామని టికెట్లమ్మింది. విరామాలతో కలిపి 59 గంటలు. మన ఏకాహ భజనలు 24 గంటలకే ముగుస్తాయని గమనించాలి.

ఇంట్లో ఎవరినైనా కొత్తగా ఈ మార్గంలో పెట్టాలంటే ఒకటి గుర్తుంచుకోండి. విడుదలైన వరసలో చూపించండి, కథాకాలం వరసలో వద్దు. రెండో పద్ధతి వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది: రెండో ప్రపంచయుద్ధం నాటి కెప్టెన్ అమెరికా ముందు, 1995 నాటి కెప్టెన్ మార్వెల్ తర్వాత. గొడవంతా అక్కడే. 2019లో వచ్చిన ఆ ‘కెప్టెన్ మార్వెల్’ టైటిల్స్ మధ్యలో ఒక సీనుంది, అది సగం జగత్తు బూడిదైపోయిన తర్వాతి రోజులది. రెండో సినిమాకే జగత్తు బూడిదైతే, ఇంకా ఇరవై సినిమాలు ఎందుకు చూడాలని మీ బావమరిది అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఉండదు.

ఒకే మొహం వేరే లోకంలో వేరే మనిషిగా తిరిగే మల్టీవర్స్ గురించి మాత్రం మనవాళ్లకి పాఠం అక్కర్లేదు. 2024 జూలైలో శాన్ డియాగో కామిక్ కాన్ వేదిక మీద డౌనీ ముసుగు తీసి, ఇకమీదట తనే డాక్టర్ డూమ్ అనగానే అమెరికా నోరెళ్లబెట్టింది. ‘ఎండ్‌గేమ్’లో చచ్చిపోయిన హీరో మొహంతో ఇప్పుడు విలన్ రావడమేమిటని వ్యాసాల మీద వ్యాసాలు రాశారు. బుగ్గన పుట్టుమచ్చ అంటించి, పాపిడి కుడి నుంచి ఎడమకి మార్చి దశాబ్దాల తరబడి ద్విపాత్రాభినయాలు నడిపిన పరిశ్రమ మనది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముందో మన అమ్మమ్మలకి అర్థం కాదు.

ఇక టికెట్. పెద్ద తెర కావాలి, ఎందుకంటే లెక్కుంది. ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ మొత్తం ఐమాక్స్ డిజిటల్ కెమెరాలతో తీశారు. ఆ తెర మీద బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.90 రెట్లు. మామూలు సినిమాస్కోప్ తెరకి వచ్చేసరికి 2.39 రెట్లు, అంటే పైనా కిందా కోసేస్తారు. ఐమాక్స్‌లో చూసినవాడికి దాదాపు 26 శాతం బొమ్మ ఎక్కువ. హైదరాబాద్ అభిమాని గుండెకోత ఇక్కడే. 2003లో ట్యాంక్‌బండ్ దగ్గర ఐమాక్స్ వచ్చింది. తర్వాత ఆ తెర పోయి పీసీఎక్స్ అనే మరో తెర వచ్చింది. పెద్దదే, బాగుంటుంది, కానీ ఐమాక్స్ కాదు. ఆటో డ్రైవర్లు మాత్రం ఇప్పటికీ ఐమాక్స్ అంటేనే తీసుకెళ్తారు. అందుకని నిష్ఠ గలవాళ్లు రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతుంటారు. 570 కిలోమీటర్లు వెళ్లి చూసేది విలన్ థానోస్ చెప్పులూ, ఆకాశంలో మరికాస్త ఆకాశమూ.

అమెరికా తెలుగువాళ్ల మీద మనకున్న ఒకే ఒక్క పైచేయి కూడా ఈ టికెట్టే. ‘నో వే హోమ్’ ఇక్కడ 2021 డిసెంబర్ 16న విడుదలైంది, అమెరికాలో మరునాడు. ఆ కాస్త వ్యవధిలో డల్లాస్‌లో ఉన్న అన్నయ్యలు వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులోంచి మాయమయ్యారు. ఏటా పెట్టెల నిండా చాక్లెట్లు తెచ్చి దర్పం చూపించేవాళ్లు, “తమ్ముడూ, ఏం చెప్పకురా” అని బతిమాలుకున్న ఏకైక సందర్భం.

థియేటర్‌లో మనకే ప్రత్యేకమైన అద్భుతం ఇంటర్వెల్. హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, ఇంటర్వెల్ లేకపోతే థియేటర్‌కి సమోసా అమ్మకం ఉండదు. కాబట్టి ఎవరో ఒకరు గడియారం చూసుకుని కత్తెర వేస్తారు. డైరెక్టర్ అక్కడ విశ్రాంతి అనుకోలేదు గనక, పిడికిలి లేచి ఇంకా తగలకముందే లైట్లు వెలుగుతాయి. ఎదుటివాడు పావుగంట ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు. మనవాడైతే అక్కడ బ్యాంగ్ రాసుకునేవాడు.

తెలుగు డబ్బింగ్‌ని తీసిపారేసే వర్గం ఒకటుంది, ఇంగ్లీషులోనే చూడాలంటుంది, సబ్‌టైటిల్స్ లేకపోతే మాత్రం ఇబ్బంది పడుతుంది. డబ్బింగ్ రచయిత పడే పాట్లు వీళ్లకి తెలియవు. నటుడి పెదాలు మూసుకున్న చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి, లేకపోతే మాట ఒకచోట, మూతి ఒకచోట. అంతకన్నా పెద్ద చిక్కు వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, మనకి చివర్లో వస్తుంది. అక్కడ విలన్ నోరు తెరవగానే చంపుతానంటాడు, ఎవర్ని ఎలా అన్నది నింపాదిగా చెబుతాడు. తెలుగులో ఎవర్ని, ఎక్కడ, దేనితో అన్నీ అయ్యాక గానీ చంపుతాడో క్షమిస్తాడో తేలదు. ఈలోపు షాట్ మారిపోయి ఎదుటివాడు వణికిపోతూ ఉంటాడు. క్రియ వినకముందే భయపడేంత నమ్మకం.

అందుకే డబ్బింగ్ రచయితలకి ముసుగు వేసుకున్న హీరోలంటే ప్రాణం. ఐరన్ మ్యాన్ శిరస్త్రాణం దించగానే, స్పైడర్ మ్యాన్ గుడ్డ లాక్కోగానే పెదాల బాధ తీరుతుంది. పేజీ నిండా పంచులు వేసుకోవచ్చు. జోకులన్నీ ముసుగులోంచే ఎందుకు పేలతాయో ఈసారి గమనించండి. గ్రూట్ అనే చెట్టు మనిషికి ఉన్నది ఒకే వాక్యం, వాడు వీళ్ల ఇలవేల్పు. ‘ఎండ్‌గేమ్’ తెలుగులో థానోస్‌కి రానా దగ్గుబాటి గొంతిచ్చాడు. సగం జగత్తుని చిటికేసి లేపేసేవాడికి భల్లాలదేవుడి గొంతు కన్నా తగినది దొరకదు. నిజానికి ఇంగ్లీషు థానోస్ మాటల్లో తత్వం ఎక్కువ వినపడుతుంది, తెలుగు థానోస్ మాటల్లో ఆస్తి పంపకాలు ఎక్కువ వినపడతాయి. మనకి రెండోదే తొందరగా ఎక్కుతుంది.

మన సూపర్ హీరోల సంగతికొద్దాం. ఎన్టీఆర్ ‘సూపర్ మేన్’ 1980లోనే వచ్చింది, శక్తి ఆంజనేయస్వామి అనుగ్రహం. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ వచ్చింది, శక్తి మళ్లీ ఆంజనేయస్వామిదే, కాకపోతే ఒక మణిలోంచి వస్తుంది. సాలీడు కుట్టడం, గామా కిరణాలు సోకడం లాంటివి మనకి సరిపడవు, పరీక్షలు చేయించాల్సి వస్తుంది. దేవుడైతే ప్రశ్నలుండవు. అసలు చిక్కు శక్తిలో లేదు, హీరోలో ఉంది. సూపర్ హీరో కథ నడవాలంటే మొదటి అరగంట అతను బలహీనుడిగా ఉండాలి, పదిమందిలో దెబ్బలు తినాలి, అప్పుడే శక్తి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. మన పెద్ద హీరో టైటిల్స్ పడకముందే టాటా సుమోలని బంతుల్లా ఆడేసుకుంటాడు. అతనికి మణి దొరికితే మాత్రం కొత్తగా చేసేదేముంది, సుమో బదులు లారీ. పైగా ముసుగు వేస్తే మొహం కనపడదు. పాలాభిషేకం చేసిన కటౌటుకి మొహం లేకపోతే ఆ పాలు ఎవరికి పోసినట్టు?

అందుకే ‘హనుమాన్’ దర్శకుడు ప్రశాంత్ వర్మ తెలివిగా తేజ సజ్జాని పెట్టుకుని, ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసేవాణ్ని హీరో చేశాడు. దెబ్బలు తింటే ఎవరూ ధర్నా చెయ్యరు. ఆ సినిమాలో మణి పనిచేయాలంటే పగటి వెలుతురు ఉండాలి. ఆలోచిస్తే ఇది చాలా బాధ్యత గల ఏర్పాటు. ఆఫీసు వేళల్లో తప్ప పనిచేయని మహాశక్తిని మనవాళ్లు తప్ప ఇంకెవరూ ఊహించలేరు. సినిమా చివర్లో తర్వాతి భాగం ‘జై హనుమాన్’ 2025లో అని వేశారు. 2025 వచ్చి వెళ్లింది.

మార్వెల్‌కి పోటీ కంపెనీ డీసీ. ఆ వర్గం వాళ్ల బాధలు వేరు. 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో సూపర్ మ్యాన్ ప్యాంటు మీది ఎర్ర చెడ్డీ తీసేశారు, 2025 జూలైలో దర్శకుడు జేమ్స్ గన్ మళ్లీ తొడిగాడు. మధ్యలో పన్నెండేళ్లు వేసవీ శీతాకాలమూ లేకుండా చర్చ. చెడ్డీ మీద ఇంత సుదీర్ఘ మేధామథనం ఏ నాగరికతలోనూ జరిగి ఉండదు.

ఇప్పుడు అభిమానికున్న అసలు శక్తి గురించి: వీఎఫ్ఎక్స్ బాగోలేదని సెకనులో చెప్పగలగడం. 2017 ‘జస్టిస్ లీగ్’ రీషూట్‌కి సూపర్ మ్యాన్ వేషం వేసిన హెన్రీ కావిల్ మీసంతో వచ్చాడు. వేరే సినిమా ఒప్పందం వల్ల గీసుకోవడానికి వీల్లేదు. దాంతో మీసాన్ని కంప్యూటర్‌లో గీశారు. పైపెదవి పచ్చడి తిన్నట్టు తేలింది. తెలుగువాళ్లు దీన్ని క్షమించలేకపోయారు, ఇక్కడ హీరో మీసం కోసం కథ మార్చుకుంటారు గానీ కథ కోసం మీసం తీయరు.

ఈ నిపుణులే సినిమా అయ్యాక టైటిల్స్ అయిపోయేదాకా కదలరు. చివరి సీను కోసం సుమారు పది నిమిషాలు కూర్చోవాలి. అందులోనూ పద్ధతులున్నాయి. బొమ్మలతో వచ్చే రంగుల టైటిల్స్ అయ్యాక ఒక సీను, ఆ తర్వాత నల్లతెర మీద తెల్ల అక్షరాలన్నీ పాకిపోయాక ఇంకొకటి. మొదటిది చూసి లేచిపోయినవాడు సగం పుణ్యమే పొందాడు. 2017లో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ రెండో భాగంలో అయిదు పెట్టారు. ‘ఎండ్‌గేమ్’లో ఒక్కటీ లేదు, చివర్లో చీకట్లో ఇనుము మీద సుత్తి పడుతున్న చప్పుడు మాత్రం. పార్కింగ్‌లో క్యూ పెరిగిపోతుందని ఇంట్లోవాళ్లు మెట్ల దగ్గర నిలబడి పిలుస్తుంటారు. చీపుళ్లు పట్టుకున్న సిబ్బంది ముందు వరసలో పాప్‌కార్న్ ఊడుస్తూ, వీళ్లెప్పుడు లేస్తారా అని చూస్తుంటారు.

ఆ పది నిమిషాల్లో తెర మీద పాకేవి పేర్లు. వీఎఫ్ఎక్స్ వంతు వచ్చేసరికి అక్షరాలు చిన్నవవుతాయి, ఒక్కో వరసలో నాలుగైదు పేర్లు ఇరుక్కుంటాయి. వాటిలో మన ఇంటిపేర్లు కొల్లలు. 2025 ఫిబ్రవరిలో వీఎఫ్ఎక్స్ పనులు చేసే టెక్నికలర్ సంస్థ కుప్పకూలి బెంగళూరు, ముంబయి స్టూడియోలు మూతపడ్డప్పుడు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డది ఇలాంటి వరసల్లోని జనమే. ఆ ఫ్రేముల్లో పొగా, మంటలూ, ఎగిరే దుప్పటీ వాళ్ల చేతిపనే. ట్రైలర్‌లో 3,360 ఫ్రేములు ఒక్కొక్కటిగా చదివిన అభిమాని ఈ వరసలప్పుడు ఏం చేస్తుంటాడంటే, ఫోన్‌లో తల దూర్చి ‘పోస్ట్ క్రెడిట్ సీన్ ఉందా’ అని వెతుకుతుంటాడు.

సరే, తర్వాతి పని. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ మొదట 2026 మే 1 అన్నారు. మేడే సెలవు కలిసొచ్చిందని ఆఫీసుల్లో మురిసిపోయినవాళ్లు చాలామంది. తర్వాత 2026 డిసెంబర్ 18కి జరిపారు. దాని వెనకొచ్చే ‘సీక్రెట్ వార్స్’ 2027 డిసెంబర్ 17కి జరిగింది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ సున్నాలు చుట్టుకోండి. పెన్సిల్‌తో చుట్టండి.